మద్యము మానినవానికి ఊరిలో ఒక కూటము

మన దేశమునందలి మద్యనిషేధచరిత్రను వ్రాయబూనినవారికి చిత్తూరు జిల్లా మొదటి పుటలలోనే ఎదురగును. 1937 అక్టోబరు 1వ తేదీన, మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా నుండిన రాజగోపాలాచారిగారు సేలము జిల్లాలో నిషేధమును ప్రారంభించి, మరుసటి యేడే దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. అందువలన తగ్గిన అబ్కారీ రాబడిని పూరించుటకై 1939లో అమ్మకపు పన్ను చట్టమును తెచ్చిరి. అనగా మద్యమును ఊరినుండి తొలగించుట యెట్లు అను ప్రశ్నను మదనపల్లె, పుంగనూరు ప్రాంతములవారు తక్కిన దేశమున కంటె ముందుగనే ఎఱుగుదురు. కాని ఆ ప్రశ్న ప్రక్కననే మఱియొక ప్రశ్న నాటినుండి నేటివఱకు నిలిచియున్నది: మద్యమును విడువదలచిన మనుష్యుడు, అది యథేచ్ఛగా అమ్ముడుపోవుచున్న వీథిలోనే నివసించుచు, ఎవరి తోడున నిలువగలడు? మొదటి ప్రశ్నకై చట్టములు పుట్టినవి, మంత్రివర్గములు కూలినవి. రెండవదానికి సమాధానము మాత్రము ఏ చట్టమునందును లేదు. ఈ వ్యాసము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములను దృష్టియందుంచుకొని, తాగుడు మానదలచినవారు వారము వారము కలిసికొను కూటములను గూర్చి తెలియవచ్చినంత పరిశీలించి, అట్టి కూటమును కనుగొనుట యెట్లో, లేనిచోట నెలకొల్పుట యెట్లో విచారించుట నా యుద్దేశము.

చట్టముల కథను శీఘ్రముగా చెప్పి ముగింపవచ్చును. 1948 నాటికి నిషేధము మదరాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. ఆంధ్రరాష్ట్రము అవతరించిన మరుసటి యేడు, 1954 నవంబరులో, ప్రకాశంపంతులుగారి మంత్రివర్గము నిషేధవిషయకమైన అవిశ్వాసతీర్మానమున ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. తరువాతి దశాబ్దములలో నిషేధము సడలి, సారా వేలముపాటలు ప్రభుత్వమునకు ప్రధానమైన రాబడిగా మాఱి, పల్లెపల్లెకు ప్యాకెట్లు చేరెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మగారు మొదలుగా గల స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణనిషేధము వచ్చెను. 1997లో అది తొలగెను. పిమ్మట 2019లో దుకాణములు ప్రభుత్వాధీనమయ్యెను, 2024లో మరల ప్రైవేటువారి కీయబడెను. ఈ మార్పులు వచ్చినప్పుడెల్ల కుప్పము ప్రాంతపు మనుష్యుడు చేసినది ఒక్కటియే. మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు తావున నివసించుచున్నవాడు గావున, ఇక్కడ ధర పెరిగిన నాడు కర్ణాటకపు ప్యాకెట్టును, అక్కడ కొఱత కలిగిన నాడు తమిళనాటి సీసాను వెదకికొనెను. నిషేధమును నేను తృణీకరించుట లేదు. సారా ఆగిన నెలలలో కూలిడబ్బు ఇంటికి చేరినదని, దెబ్బలు తగ్గినవని స్త్రీలు చెప్పిన మాట సత్యము. అయినను దుకాణము మూతపడుట వేఱు, తాగువాని దేహమునందును మనస్సునందును నాటుకొనిన వాంఛ శమించుట వేఱు.

దూబగుంట విషయమున ఎక్కువమంది గమనింపని సంగతి యొకటి గలదు. ఆ స్త్రీలను ఏకము చేసినది ఉపన్యాసము గాదు, రాజకీయపక్షము గాదు. సాయంకాలమున లాంతరు చుట్టు కూర్చుండిన అక్షరాస్యతా తరగతి. నిర్ణీతమైన వేళకు నిర్ణీతమైన చోట కలిసికొనుచు, ఒక్కొక్కతె తన యింటి బాధను బయటికి చెప్పగా, తక్కినవారు అది తమ యింటి బాధయే యని గుర్తించిరి. ఆ గుర్తింపునుండియే బలము పుట్టెను. ఆ ఉద్యమము చల్లారిన తరువాత కూడ వారు కలిసికొనుట మానలేదు. నెల్లూరులో పొదుపు ఉద్యమముగా, ఆ పిమ్మట రాష్ట్రమంతట డ్వాక్రా సంఘములుగా ఆ యలవాటు నిలిచెను. నేడు పుంగనూరు చుట్టుప్రక్కల ఏ పల్లెకు పోయి యడిగినను, సంఘపు మీటింగు ఏనాడో, ఎవరి వసారాలోనో స్త్రీలు తడుముకొనక చెప్పుదురు. పురుషుల కట్టి తావు లేదు. పనినుండి మరలివచ్చిన పురుషుడు నలుగురిని కలియదలచినచో టీకొట్టు గలదు, బ్రాందీ షాపు గలదు. భజనమందిరము గలదు గాని యచ్చట తన కష్టమును చెప్పుకొను వాడుక లేదు. ఎవరి కొఱకు ఆ పోరాటమంతయు జరిగెనో ఆ పురుషులే ఆ సంభాషణకు వెలుపల మిగిలిపోయిరి.

వైద్యదృష్టితో చూచినప్పుడు ఈ వెలితి మఱింత స్పష్టమగును. తాగుడునకు దాసుడగుట దుర్మార్గము గాదని, వ్యాధియని వైద్యలోకము అంగీకరించి చాలకాలమైనది. అమెరికా వైద్యసంఘము 1956లోనే దానిని రోగముగా పరిగణించెను. మన దేశమున అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు కేంద్రప్రభుత్వము కొఱకు జరిపి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము, పది మొదలు డెబ్బదియైదేండ్ల వయస్సుగలవారిలో మద్యము సేవించువారు దాదాపు 16 కోట్లు. అందు వ్యసనబద్ధులు 2.9 కోట్లు, అట్టి వ్యసనబద్ధులలో ఏదో యొక చికిత్స పొందుచున్నవారు ముప్పదియెనమండుగురిలో ఒక్కరు మాత్రమే. ఆ యొక్కరి మార్గమెట్టిదో మన మెఱుగుదుము. ఇంటివారు బెంగుళూరు నిమ్‌హాన్స్‌కో, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారి బాగాయము మనోవైద్యశాలకో, కుప్పములోని పి.ఇ.ఎస్. వైద్యకళాశాలకో తీసికొనిపోవుదురు. తాగుడు హఠాత్తుగా ఆగినప్పుడు మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ, మూడవ, నాల్గవ దినములలో చేతులు వడకుచు, లేనివి కనబడుచు, ప్రాణాపాయము కలిగించు సన్నిపాతస్థితి రావచ్చును. దానిని వైద్యులు నిద్రమాత్రల జాతికి చెందిన మందులతోను, థయమిన్ సూదులతోను తప్పింతురు. వారమో పది దినములో గడచిన పిమ్మట రోగి తేరుకొని, ముఖమున తేజస్సుతో ఇంటికి వచ్చును. ఆ పిమ్మట డైసల్ఫిరామ్, నాల్ట్రెక్సోన్ వంటి మందు లుండవచ్చును, నెలకొకసారి ఓ.పి. చీటీ యుండవచ్చును. కాని ఆ నెలకును మఱునెలకును నడుమనున్న సాయంకాలములు ముప్పది. టమాటా మండీలో వేలము ముగిసి చేతికి డబ్బు వచ్చిన యుదయములు, నీరుగట్టువారిపల్లె మగ్గమునుండి కూలి ముట్టిన వారములు, బెంగుళూరు పనినుండి రైలు దిగిన రాత్రులు ఆ చీటీయందు లేవు. తిరిగి తాగుట జరుగునది ఆ వేళలలోనే.

ఆ వేళల కొఱకు పుట్టిన ఉపాయమునకు ఒక చరిత్ర గలదు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు షేర్ల వ్యాపారి ఒహాయో రాష్ట్రమందలి యాక్రన్ అను పట్టణమునకు పనిమీద పోయి, ఆ పని విఫలము కాగా, హోటలు వసారాలో ఒంటరిగా నిలిచియుండెను. అతడు తాగుడు మాని కొన్ని నెలలే యైనది. ఒక ప్రక్క బారునుండి నవ్వులు వినబడుచున్నవి. మఱియొక ప్రక్క ఊరి చర్చీల పట్టికయు టెలిఫోనును ఉన్నవి. తాను నిలువవలెనన్న మఱియొక తాగుబోతుతో మాటలాడవలయునని అతనికి ఆ క్షణమున తోచెను. పట్టికలోని యొక చర్చికి ఫోను చేయగా, చివరకు పరిచయములమీద పరిచయములుగా, తాగుడుచే వృత్తి చెడిన బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు దొరికెను. కొద్ది నిమిషములే కూర్చుందునని వచ్చిన ఆ వైద్యుడు గంటలకొలది కూర్చుండెను. ఏలయన, తనకు నీతి చెప్పక తన కథనే చెప్పుచున్న మనుష్యుని అతడు మొదటిసారి చూచెను. జూన్ 10న బాబ్ స్మిత్ కడపటి గ్రుక్క తాగెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థకు ఆనాటినుండియే లెక్క. 1939లో వారి గ్రంథము వెలువడెను. 1951లో తాగువారి భార్యలు, బంధువులు కలిసికొనుటకై ఆల్-అనాన్ అను సోదరసంస్థ ఏర్పడెను. 1957లో ఈ పద్ధతి భారతదేశమున కాలూనెను. వీరి భారతీయ కార్యాలయము ముంబయిలో నున్నది.

ఈ వృత్తాంతమును ఇంత విస్తరించి చెప్పుటకు కారణము గలదు. వెదకుటయే ఆ సంస్థకు పుట్టుక యయ్యెను. విల్సన్ యాక్రన్ చేరునాటికి ఆ యూరిలో ఇట్టి కూటము లేదు. అతడు వెదకినది ఒక మనుష్యుని. మదనపల్లెలోనో కుప్పములోనో నేడు వెదకువారు మొదట గ్రహింపవలసినది ఈ సంగతియే. ఆ సంస్థ సంప్రదాయనియమముల ప్రకారము, మానదలచిన ఇద్దరు ముగ్గురు తాగుబోతులు అందుకై కలిసి కూర్చుండిరేని, అదియే ఒక గ్రూపు. భవనము, రిజిస్ట్రేషను, అధ్యక్షుడు, ప్రారంభోత్సవము ఏవియు అక్కఱలేదు.

కూటమునకు పోవువారు భయపడుదురు గావున అచ్చట జరుగునది చెప్పుట మంచిది. చర్చి హాలులోనో, బడిగదిలోనో, ఆసుపత్రి వెనుకనున్న గదిలోనో వలయముగా వేసిన కుర్చీలుండును. ఒకరు ఆనాటి కూటమును నడుపుదురు; ఆ పని వంతులవారీగా మాఱుచుండును. మాటలాడువారు తమ మొదటి పేరు మాత్రము చెప్పి, తాము తాగుడుకు బానిసలమని యొప్పుకొని, తమకు జరిగినది చెప్పుదురు. ఒకరు చెప్పుచుండగా మఱియొకరు అడ్డురారు, తప్పుపట్టరు, సలహాలు కురిపింపరు. చెప్పుటకిష్టము లేనివారు ఊరకుండవచ్చును. ప్రవేశరుసుము లేదు, కడపట ఒక డబ్బానో సంచియో త్రిప్పుదురు, ఇయ్యగలవారు గది అద్దెకును టీ ఖర్చునకును కొంత వేయుదురు, బయటివారి విరాళములు తీసికొనరు. కొన్ని కూటములు తాగువారికి మాత్రమే. కొన్నింటికి ఇంటివారు, వైద్యులు, విద్యార్థులు కూడ రావచ్చును. పాతసభ్యులలో ఒకనిని క్రొత్తవాడు తోడుగా ఎన్నుకొని, కోరిక పుట్టిన వేళ, అర్ధరాత్రమైనను, అతనికి ఫోను చేయును. జన్మాంతము తాగనని ఒట్టు పెట్టించుకొనరు. ఈ దినము తాగకుండుటను మాత్రము కోరుదురు. మన యిండ్లలో దేవుని పటము ముందు, బిడ్డ తలమీద చేయి పెట్టించి వేయించు ఒట్లు ఎన్ని నీటిపాలైనవో తలచుకొనిన, ఈ మితమైన కోరికలోని వివేకము బోధపడును. ఒట్టు తప్పినవాడు సిగ్గుచేత మఱింత తాగును. కూటమునకు తప్పినవాడు మఱువారము వచ్చి అదే కుర్చీలో కూర్చుండవచ్చును.

ఇది పనిచేయునా యను ప్రశ్నకు చిరకాలము భక్తులు ఔననుచు, సంశయాత్ములు కాదనుచు వచ్చిరి. 2020లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్షలో 27 అధ్యయనములు, 10,565 మంది రోగులు పరిశీలింపబడిరి. ఈ కూటములకు రోగులను పద్ధతిగా చేర్చు చికిత్సను పొందినవారిలో, పండ్రెండు నెలల పిమ్మట సంపూర్ణముగా మానియున్నవారు నూటికి 42 మంది కాగా, ప్రసిద్ధమైన యితర మానసికచికిత్సలు పొందినవారిలో 35 మంది. భేదము కొండంత కాదు. కాని ఆ కూటములు రుసుము లేక, వృత్తినిపుణుడు లేకుండ జరుగునవని గుర్తించినచో సామాన్యము గాదు. ఈ యధ్యయనములలో అత్యధికము అమెరికాలో జరిగినవి గావున మనకు యథాతథముగా వర్తించునని వాదింపరాదు. మనకు సమీపముననున్న నిదర్శనము గోవాలోనిది. అచ్చటి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో, వైద్యులును, మానసికశాస్త్రజ్ఞులును కాని సామాన్యజనులకు తర్ఫీదునిచ్చి, హానికరముగా తాగుచున్న పురుషులతో ఒకటి మొదలు నాలుగు మాఱులు మాటలాడించిరి. మూడు నెలలకు, ఈ మాటలు విన్నవారిలో నూటికి 36 మంది, విననివారిలో 26 మంది ఆ స్థితినుండి బయటపడిరని 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడెను. ఆ రోగులు తీవ్రవ్యసనులు కారు. అయినను మన దేశపు మనుష్యుడు, తన భాషలో, తనవంటివాని మాటకు చెవియొగ్గుననుటకు ఇది చాలును. తమిళనాట శాంతి రంగనాథన్‌గారు 1980లో మదరాసులో స్థాపించిన టి.టి. రంగనాథన్ సంస్థ మఱియొక మెట్టు ముందునకు పోయి, తిరువారూరు జిల్లా మంజక్కుడి వంటి పల్లెలకే శిబిరములను తీసికొనిపోయి, భార్యలను కూడ చికిత్సలో భాగస్వాములను చేసెను. కావేరీడెల్టాలో సాధ్యమైనది పాలమనేరు కనుమకు ఈవల అసాధ్యమగుటకు హేతువు నాకు కనబడదు.

అయినను మన చిన్న పట్టణములలో ఈ పద్ధతికి ఎదురగు ఆటంకములు యథార్థమైనవి. అందు మొదటిది గోప్యత. బెంగుళూరులో ఎనిమిదవ వార్డువాడు రెండవ వార్డు కూటమునకు పోయినచో అతనిని గుర్తించువారుండరు. పుంగనూరులో కూటము జరుగు గది ముందు చెప్పులు విడిచిన మనుష్యుని ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో, ఏ బడిలో అయ్యవారో ఎదుటి అంగడివాడు ఎఱుగును. వింతయేమనగా, అదే మనుష్యుడు బ్రాందీ షాపు ముందు పట్టపగలు నిలిచియున్నను ఎవరును ఆశ్చర్యపడరు. తాగుట తెలిసిన రహస్యము, మానుట మాత్రము సిగ్గుపడవలసిన వార్త! పెండ్లి సంబంధములు, కులము, ఉద్యోగము, రాజకీయము అన్నియు ముడివడియున్న ఊరిలో ఈ భయమును నిందించి లాభము లేదు. దీనికి అనుభవజ్ఞులు రెండు మార్గములు చెప్పుదురు. మొదటిది, తొలిదినములలో పొరుగుపట్టణపు కూటమునకు పోవుట. రెండవది, బహుజనులు బహుకార్యములకై వచ్చుచు పోవుచునుండు భవనమును ఎన్నుకొనుట. ఆసుపత్రికి ఎవడైనను పోవచ్చును, గ్రంథాలయమునకు ఎవడైనను పోవచ్చును. అచ్చటి గదిలో ఎవడు దేనికై కూర్చున్నాడో వీథికి తెలియదు. 2020లో కోవిడు వచ్చినప్పుడు ఈ కూటములు ఫోనులలోనికి మాఱి, నేటికిని కొన్ని అట్లే సాగుచున్నవి. మొగము చూపక గొంతు మాత్రము వినిపించి చేరవచ్చును. మొదటి అడుగునకు ఇది మిక్కిలి యుపయోగకరము. కాని గదిలో ఎదుటివాని చేతులు వడకుట మానినవని కన్నులార చూచుటలో నున్న ధైర్యము ఫోనులో రాదు.

రెండవ యాటంకము భాష. కుప్పమున తెలుగు, తమిళము, కన్నడము ముప్పేటగా వినబడును. మదనపల్లెలో, పుంగనూరులో ఉర్దూ మాటలాడు కుటుంబములు చాల గలవు. నగరములలో ఇంగ్లీషున జరుగు కూటమునకు పోయిన మన రైతు అచ్చట అతిథి వలె కూర్చుండి మరలివచ్చును. తన తండ్రిని కొట్టిన రాత్రిని గూర్చి, తాకట్టుపెట్టిన పుస్తెను గూర్చి మనుష్యుడు ఇంటి భాషలోనే చెప్పగలడు. కుప్పపు గదిలో ఒకడు తమిళమున, మఱియొకడు తెలుగున చెప్పుకొనినను ఇబ్బంది లేదు. ఆ యూరి అంగడివీథిలో దినదినము జరుగునదే యది.

మూడవది దైవము. ఆల్కహాలిక్స్ అనానిమస్‌వారు అనుసరించు పండ్రెండు మెట్లలో తన శక్తి చాలదని యొప్పుకొని, తనకంటె గొప్పదైన శక్తికి తన్ను అప్పగించుకొనవలయునను మాట యున్నది. క్రైస్తవసంఘములనుండి ఈ పద్ధతి ప్రభవించుటయు, కూటములు తఱచుగా చర్చి గదులలో జరుగుటయు చూచి మతము మార్చెదరేమో యని హిందూ ముస్లిము కుటుంబములు శంకించుట నే నెఱుగుదును. ఆ శంకకు ఆధారము లేదు. ఆ శక్తి ఏదియో ఎవరికి వారు నిర్ణయించుకొందురు. ఏ మతముతోను, ఏ పక్షముతోను, నిషేధోద్యమముతో సైతము ఆ సంస్థ కలియదు. నాస్తికునికి ఆ గదిలోని మనుష్యుల సముదాయమే ఆ శక్తి యైనను ఆక్షేపణ లేదు.

దైవప్రసక్తి వచ్చినది గనుక మన దేశీయమైన యొక యాచారమును గూర్చి చెప్పితీరవలయును. కార్తికమున అయ్యప్ప మాల వేసికొని నలువది యొక్క దినములు మద్యమును ముట్టని తాగుబోతులు మన మూడు పట్టణములలోను వందలకొలది గలరు. నలుబదేండ్లుగా మానలేనివాడు నలుబది దినములు ఎట్లు మానెను? భయభక్తులని తక్షణమే సమాధానము చెప్పుదుము. నాకు తోచినది వేఱు. మాల వేసికొనినవానికి తెల్లవారకముందే లేవవలసిన పని యొకటి, సాయంకాలమున చేరవలసిన సన్నిధానమొకటి, తనవలెనే దీక్షలోనున్న సహచరులు పదిమంది, తప్పులు చెప్పుకొనదగిన గురుస్వామి యొకడు లభించును. నిన్నటిదాక "ఏరా" అని పిలిచిన ఊరు నేడు "స్వామీ" అని పిలుచును. ఇంచుమించుగా ఇవన్నియు కూటములోనున్న అంగములే. భేదమొక్కటి: మాల తీసిన నాడు దీక్షతోబాటు ఆ సహవాసము కూడ ముగియును, ఆ రాత్రియే సీసా తెఱవబడును. కావున దీక్ష తీయువేళనే ఆ పదిమందిలో మానియుండదలచిన ఇద్దరు ముగ్గురిని కలిపి, వారమున కొకమాఱు కూర్చుండజేయగల గురుస్వామి యుండెనేని, మన దేశమున దీనికి మించిన ప్రారంభము లేదు. ఇచ్చట ఒక హెచ్చరిక తప్పనిసరి. దినమెల్ల తాగువాడు, తెల్లవారగనే గ్రుక్క పడనిది చేతివడకు ఆగనివాడు, మాలకొఱకై గాని ఒట్టుకొఱకై గాని ఒక్కసారిగా మానరాదు. ముందు వైద్యుని చూచి, ఆయన పర్యవేక్షణలో మాని, పిమ్మట మాల వేసికొనవలయును. మూర్ఛలు వచ్చి దీక్షావస్త్రములతోనే ఆసుపత్రికి మోయబడుట స్వామిమహిమకు లోపము గాదు, దేహధర్మము. అన్నములో తెలియకుండ పొడి కలిపి మాన్పింతుమను ప్రకటనలను గూర్చి ఒక్క మాట చాలును: ఆ పొడిలో డైసల్ఫిరామ్ కలిసియున్నచో, ఎఱుగని రోగి తాగినప్పుడు ప్రాణమే పోవచ్చును.

సిగ్గుచేత దాచబడు రోగమునకు చికిత్స చేయు విషయమున మదనపల్లెవారికి ఒక ప్రత్యేకమైన పూర్వానుభవము గలదు. ఊరికి సమీపమున ఆరోగ్యవరమున 1915లో క్షయరోగులకై శానటోరియము వెలసెను. డెన్మార్కునుండి వచ్చిన ఫ్రిమోట్-మొల్లర్ వైద్యుని పేరుతో అది దక్షిణభారతమంతట ప్రఖ్యాతి గాంచెను. ఆ కాలమున క్షయ యనిన సిగ్గు, వెలి, రహస్యము. రోగిని ఊరికి దూరముగా, చల్లని గాలిలో, నెలలకొలది ఉంచుటయే చికిత్స. 1956లో మదరాసులో నెలకొన్న క్షయచికిత్సాకేంద్రమువారు, మందులు క్రమముగా ముట్టజెప్పినచో ఇంటనే యుండి చికిత్స పొందినవారు శానటోరియమున నున్నవారితో సమానముగా కోలుకొందురని 1959లో నిరూపించిరి. నాటితో క్షయచికిత్స దూరపు భవనమును విడిచి, వీథిలోని మనుష్యుని వెంట నడవసాగెను. మందు మ్రింగునట్లు చూచుటకు ఒక తోడు, ఒక పరామర్శ అవసరమయ్యెను. తాగుడు చికిత్స నేడును శానటోరియపు దశలోనే చిక్కుకొని యున్నది. వేలకు వేలు గుంజి, తాళము వేసి, రోగిని నెలలకొలది ఉంచు ప్రైవేటు కేంద్రములకు అప్పు చేసి పంపుచున్న కుటుంబములను చూచుచున్నాము. విడుదలయైన మఱునాటినుండి ఆ రోగి వెంట నడచువా డుండడు.

ఇక వెదకుట. పట్టణమునందు కూటము జరుగు తావును, వేళయు మాఱుచుండును; గది యజమాని మాఱిన, నడుపువాడు బదిలీయైన, వారము మాఱును. కావున ఎవరో ఎన్నడో చెప్పిన చిరునామాను నమ్మి పోయి, తాళము చూచి, అపశకునమని తిరిగి వచ్చుట కూడదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ భారతీయ కార్యాలయము వారిని అడిగిన, చేరువలోని కూటము ఏదో, ఎవరిని పిలువవలెనో చెప్పుదురు. కేంద్రప్రభుత్వపు మాదకద్రవ్య విముక్తి సహాయసంఖ్య 14446. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సంఖ్య 14416. ఈ రెండింటికిని రుసుము లేదు, రెండవదానిలో తెలుగున మాటలాడవచ్చును. కుప్పమువారికి రైలు సౌకర్యమున్నది గనుక బెంగుళూరు కూటములు పగటి ప్రయాణములో అందును. పనికై అటు పోవువారు ఆ నగరముననే ఒక కూటమును ఎంచుకొని, సాయంకాలపు రైలునకు ముందు హాజరగుట సుకరము. మదనపల్లె, పుంగనూరులవారికి బెంగుళూరు, తిరుపతి రెండును బస్సున గంటల దూరము; వారమువారము సాధ్యము గాకున్నను, నెలకొకమాఱు పోయి, అచ్చటి పాతసభ్యుల పరిచయము సంపాదించి, తక్కిన వారములు ఫోను కూటములతో గడపవచ్చును. అట్లు పోవుచున్న ఇద్దరు ఒకే బస్సులో ఎదురుపడిన నాడు తమ ఊరిలోనే మొదటి గ్రూపు పుట్టవచ్చును.

స్త్రీల మాట మఱువరాదు. తాగు స్త్రీలు మన పట్టణములలో లేరనుకొనుట పురుషుల భ్రమ; వారికి ఆ గదిలో ప్రవేశించుట పురుషునికంటె పదిరెట్లు కష్టము, కావున వారికి ప్రత్యేకమైన వేళయో, స్త్రీ వైద్యురాలి గదియో కావలయును. ఇక తాగువాని భార్యకు, తల్లికి కూటము అతనికంటె ముందే అవసరము కావచ్చును. అతడు మానకున్నను ఆమె నిద్రపోవుట, బిడ్డలను బడికి పంపుట, అప్పులవాని ముందు అబద్ధమాడుట మానుట ఎట్లో తనవంటివారినుండి నేర్చుకొనవచ్చును. సంఘపు మీటింగునకు అలవాటుపడిన మన స్త్రీలకు ఈ పద్ధతి క్రొత్తగా నేర్పవలసినది గాదు. పొదుపు పుస్తకమును మూసిన పిమ్మట అరగంట, ఇష్టమైనవారు మాత్రము, కూర్చుండుట చాలును. ఆ యరగంటలో విన్నది వాకిలి దాటరాదను నియమమును వారు తామే పెట్టుకొందురు.

చేయదగిన పనులలో మిక్కిలి తేలికైనది, ఖర్చులేనిది వైద్యుల చేతిలో నున్నది. ఏ వైద్యకళాశాలలోని మనోవైద్యవిభాగమైనను, ఏ ప్రభుత్వాసుపత్రియైనను రోగిని ఇంటికి పంపునప్పుడు ఇచ్చు చీటీలో మాత్రల పేర్లు, పూటలు వ్రాయబడును. ఆ మాత్రల క్రిందనే, రోగి ఏ యూరివాడో అడిగి, ఆ యూరికి చేరువలో కూటము జరుగు దినము, వేళ, తావు, ముందుగా పిలువదగిన సంఖ్య వ్రాయవచ్చును. వ్రాయుటతో ఆగక, రోగి ఇంకను మంచముమీద నుండగనే మానిన యొక పాతసభ్యుని పిలిపించి, గడియసేపు ప్రక్కన కూర్చుండజేయవచ్చును. కాక్రేన్ సమీక్షలో మంచి ఫలితములు కనబడినది ఇట్లు చేయిపట్టి అప్పగించిన చోటులందే. ఆసుపత్రిలో సాయంకాలము ఓ.పి. ముగిసిన పిమ్మట ఖాళీగా నుండు గదులు ఎన్నియో గలవు. ఆదివారము ఆఱు గంటలకు అందొకదాని తాళము తీసి, దీపము వేసి, నాలుగు కుర్చీలు వేయుటకు సూపరింటెండెంటుగారి అనుమతి తప్ప వేఱేమియు అక్కఱలేదు.